ఎస్‌జీ 503 స్థానంలో ఏం పెట్టాలి?

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. వాళ్లు చెప్పుకునే పరికరాలు, వాటి అంకెలు, పై గాలులను కొలిచే గాదంకి రాడార్ నిజమైనవి. రేణిగుంట దగ్గర ఒక చిన్న ప్రైవేటు కాలిబ్రేషన్ ల్యాబు అనుకోండి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల టెంపరేచర్ సెన్సర్లు, ప్రెషర్ గేజీలు, చుట్టుపక్కల కంపెనీల మల్టీమీటర్లు, ఇంజనీరింగు కాలేజీల ఆసిల్లోస్కోపులు అక్కడికి వస్తుంటాయి. స్కోపుల పనికి వాడే టెక్‌ట్రానిక్స్ ఎస్‌జీ 503 జనరేటర్ చెడిపోయింది. దాని తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. టెక్నికల్ మేనేజర్‌గా ఉన్న అమ్మాయి కొత్తది కొనాల్సిందే అంటోంది. సర్వీసంతా పరికరాలు బాగుచేస్తూ గడిపి రిటైరైన పెద్దాయన సలహా ఇచ్చేందుకు వచ్చాడు. ఆయన మాట వేరు.

మేనేజర్: సార్, దాన్ని మళ్లీ విప్పొద్దు. ఫ్లూక్ 5522ఏకి కొటేషన్ అడిగినాను. ఆసిల్లోస్కోప్ ఆప్షన్ వేయించుకుంటే 600 మెగాహెర్ట్జ్ దాకా అదే ఇస్తుంది. వోల్టేజీ, కరెంటు, రెసిస్టెన్సు, థర్మోకపుల్ అన్నీ అందులోనే ఉంటాయి.

పెద్దాయన: మంచి పరికరమేనమ్మా, నేను కాదనను. ముందు ఒక సంగతి చెప్పు. ఈ ఎస్‌జీ 503 నీకు ఏం పనికొస్తా ఉండింది?

మేనేజర్: 250 కిలోహెర్ట్జ్ నుంచి 250 మెగాహెర్ట్జ్ దాకా సైన్ వేవ్ ఇస్తుంది.

పెద్దాయన: అది కేటలాగులో ఉండే మాట. నీ బల్ల మీద దాని పనేంది అని అడుగుతా ఉండా.

మేనేజర్: స్కోపు బ్యాండ్‌విడ్త్ చూసేదానికి. మొదట 50 కిలోహెర్ట్జ్ రిఫరెన్సు ఇచ్చి తెర మీద అల ఆరు గళ్ల ఎత్తు వచ్చేటట్టు సర్దుతాం. జనరేటర్ ఎత్తును అట్లే ఉంచి ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతాం. ఆరు గళ్లు 4.2 గళ్లకు దిగిన చోట మూడు డెసిబెల్స్ తగ్గినట్టు లెక్క. అదే బ్యాండ్‌విడ్త్.

పెద్దాయన: జనరేటర్ ఎత్తు అట్లే ఉంచి అన్నావే, నీకు కావాల్సింది అదీ. ఫ్రీక్వెన్సీ ఎంత పెంచినా వోల్టేజీ కదలకూడదు. ఎస్‌జీ 503 పుట్టిందే దానికోసం. ఇంకే గొప్పా దానికి లేదు. పాత సర్వీసు మాన్యువల్ ఏదైనా తీసి చూడు. హెచ్‌పీ వాళ్లవి అయితే ఇంకా బాగా కనిపిస్తుంది. పరీక్షకు ఏమేం కావాలో ఒక పట్టిక వేస్తారు. ఒక గడిలో కీలకమైన స్పెసిఫికేషన్లు, పక్క గడిలో సిఫారసు చేసే మోడల్. మనవాళ్లు అందరూ మోడల్ గడినే చూస్తారు. ఆ మోడల్ దొరకలేదంటే పని ఆగిపోయిందని చేతులెత్తేస్తారు. మాన్యువల్ రాసినోడు ఆ రోజు తన బల్ల మీద ఏది ఉంటే దాని పేరు రాసినాడు. నిన్ను కట్టిపడేసేది స్పెక్ గడి మాత్రమే.

మేనేజర్: సరే సార్. స్పెక్ గడి ప్రకారమే పోదాం. మన దగ్గర మామూలు ఆర్‌ఎఫ్ సిగ్నల్ జనరేటర్ ఉంది. 250 మెగాహెర్ట్జ్ దాటి పోతుంది. అది పెడితే సరిపోతుందా?

పెద్దాయన: అట్లే పెడితే సరిపోదు. దాని లెవెల్ స్పెక్ ఎంత?

మేనేజర్: ప్లస్ ఆర్ మైనస్ ఒక డెసిబెల్.

పెద్దాయన: ఒక డెసిబెల్ అంటే వోల్టేజీలో 12 శాతం. నువ్వు వెతికేదే మూడు డెసిబెల్స్ తగ్గుదల. అందులో మూడోవంతు జనరేటర్ తప్పే అయిపోతే స్కోపు మంచిదో చెడ్డదో ఎట్ల చెప్తావు? కానీ జనరేటర్ నిజంగా ఎంత ఇస్తా ఉండాదో పక్కన నిలబడి కొలిచే పరికరం ఉంటే, దాని స్పెక్‌తో నీకు పనిలేదు. పవర్ మీటర్ తీసుకో. కేబుల్ చివర, స్కోపుకు తగిలించే చోటే సెన్సర్ పెట్టు. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా లెవెల్ కొలిచి దిద్దుకో. ఎస్‌జీ 503 చేసే పని ఇప్పుడు రెండు పెట్టెలు కలిసి చేస్తాయి.

మేనేజర్: మన దగ్గర ఉన్న సెన్సర్ 8481ఏ సార్. అది 10 మెగాహెర్ట్జ్ పైనే పనిచేస్తుంది. మన రిఫరెన్సు 50 కిలోహెర్ట్జ్. 8482ఏ తెచ్చినా అది 100 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆరు గళ్లు సర్దే చోటే మీ పవర్ మీటర్‌కు కళ్లు కనపడవు.

పెద్దాయన: బాగా పట్టుకున్నావు. అక్కడ 50 ఓమ్‌ల టర్మినేషన్ వేసి, మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడు. 34401ఏ ఏసీలో 300 కిలోహెర్ట్జ్ దాకా చూస్తుంది. కింద మల్టీమీటర్, పైన పవర్ సెన్సర్. నడుమ రెండూ కలిసే ఒక చోటు కావాలంటే 8482ఏ తెచ్చుకో. 100 కిలోహెర్ట్జ్ దగ్గర రెండింటికీ ఒకే అంకె వస్తా ఉండాదా చూడు. రాకుంటే ఏదో ఒకటి అబద్ధం చెప్తా ఉన్నట్టు.

మేనేజర్: పెట్టెలు మూడైనాయి. కేబుల్స్, అడాప్టర్లు, టర్మినేషన్లు సరే సరి. ఎస్‌జీ 503 తన వెంట వచ్చిన 50 ఓమ్‌ల కేబుల్ చివర స్పెక్‌కు వచ్చేటట్టు చేసినారు. ఆ కేబుల్ మార్చినా అంకె మారేది. ఆ ఒక్క కేబుల్‌కే అంత బాధ పడినాం. ఇప్పుడు అట్లాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క వేయండి. మీరు ఉన్నన్నాళ్లూ ఇది నడుస్తుంది. మొన్న చేరిన పిల్లోడు ఒక అడాప్టర్ మరిచిపోతే? ఆ తప్పు సర్టిఫికెట్ మీద సంతకం చేసే నా మీదికి వస్తుంది.

ఆమె భయం వట్టిది కాదు. కొత్త పరికరం అనగానే డబ్బున్నవాళ్ల సోమరితనం అనుకునే అలవాటు మన మెకానిక్కులలో ఉంది. అది అన్యాయం. ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణం 2017 కూర్పు కూడా ఆమె వైపే మాట్లాడుతుంది. పరికరాన్ని పనిలోకి దించేముందు అది అవసరాలకు తగినట్టు ఉందని సరిచూడాలి. పద్ధతిని మార్చుకుంటే ఆ మార్పు పనికొస్తుందని రుజువు చేయాలి. కొలతలో అనిశ్చితి ఎంతో మళ్లీ లెక్కకట్టాలి. మూడు పెట్టెలను జోడించినవాడు ఈ మూడూ రాసి చూపించాలి. కొత్త పెట్టె కొన్నవాడికీ ఆ బాధ్యత తప్పదు, కానీ తయారీదారు స్పెక్ వెనక ఉంటుంది కాబట్టి కాగితాల పని కొంత తేలిక.

పెద్దాయన: పిల్లోడి సంగతి సరే. నీ ఒక్క పెట్టె సంగతి నేను అడుగుతా. 5522ఏ ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పోవాలి కదా. పోయినన్నాళ్లూ నీ మల్టీమీటర్ల పని నిలిచిపోతుంది. థర్మోకపుల్ పని, క్లాంప్ మీటర్ల పని, స్కోపుల పని అన్నీ ఒకేసారి నిలిచిపోతాయి. తోతాపురి సీజను ముందర ఫ్యాక్టరీల వాళ్లు సెన్సర్లు సంచీల్లో వేసుకొని వస్తారు. ఆ వారం నీ పెట్టె చెడిపోతే వాళ్లను ఏ ఊరికి పొమ్మంటావు?

మేనేజర్: ముందే తేదీలు చూసుకొని సీజను అయిపోయినాక పంపిస్తాను. చెడిపోయేదానికి తేదీ ఉండదు, ఒప్పుకుంటాను. అందుకే పాత మల్టీ ఫంక్షన్ కాలిబ్రేటర్‌ను అమ్మను, పక్కన పెట్టుకుంటా. అయితే సార్, మీ స్పెక్ గడి మీద నాకు పూర్తి నమ్మకం లేదు. అందులో రాయని గుణాల సంగతేంది?

పెద్దాయన: అదీ అసలైన ప్రశ్న. హెచ్‌పీ 8640బీ చూసినావా ఎప్పుడైనా?

మేనేజర్: స్టోరు రూములో ఉంది. 512 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. గుండ్రటి నాబ్ తిప్పితే లోపల క్యావిటీ జరుగుతుంది. మోయాలంటే ఇద్దరు కావాలి.

పెద్దాయన: దాన్ని తుక్కుకు వేసి, అదే ఫ్రీక్వెన్సీ, అదే లెవెల్ ఇచ్చే చౌక సింథసైజర్ తెచ్చిపెట్టినారు అనుకో. కాగితం మీద అన్నీ సరిపోతాయి. రేడియో రిసీవర్ పరీక్ష పెడతావు. పక్క ఛానల్‌లో బలమైన సిగ్నల్ ఇచ్చి, మన ఛానల్‌లో బలహీనమైనది వినపడుతుందా చూస్తావు. వినపడదు. రిసీవర్ ఫెయిల్ అని రాసేస్తావు. తప్పు రిసీవర్‌ది కాదు. చౌక జనరేటర్ తన సిగ్నల్ పక్కనే తనే రొద చేస్తా ఉండాది, అది నీ ఛానల్‌లోకి చిందుతా ఉండాది. 8640బీ క్యావిటీ ఆసిలేటర్ ఆ విషయంలో చాలా శుభ్రం. ఆ శుభ్రత అవసరమని మీ ప్రొసీజర్‌లో ఎవరూ రాయలేదు. రాయాల్సిన పని పడలేదు, మోడల్ పేరులోనే అది వచ్చేసింది. పేరు పోయినరోజు ఆ గుణం కూడా చెప్పకుండా పోయింది.

మేనేజర్: అయితే 8640బీనే ఎప్పటికీ ఉంచాలంటారా?

పెద్దాయన: ఆ పరీక్షకు ఉంచుతానంటే నేను సంతోషిస్తా.

మేనేజర్: ఇంకో పరీక్షకు అదే పరికరం పనికిరాదు. గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది కదా. తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో రాడార్ వైపు కదిలితే తిరిగొచ్చే సిగ్నల్ మూడోవంతు హెర్ట్జ్ మాత్రం మారుతుంది. ఐదు కోట్ల ముప్పై లక్షల హెర్ట్జ్‌లో మూడోవంతు! అట్లాంటి రిసీవర్‌ను లాక్ చేయని 8640బీతో పరీక్షిస్తే దాని డ్రిఫ్ట్ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అసలు లేని గాలి ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ రాడార్ రిఫరెన్సుకే లాక్ అయ్యే సింథసైజర్ కావాలి. మీరు శుభ్రం అంటున్న పరికరం అక్కడ చెడ్డది, మీరు చౌక అంటున్నది అక్కడ మంచిది.

పెద్దాయన: ఒప్పుకుంటా. ఒకే పాత పరికరానికి రెండు పనుల్లో రెండు వేరే ప్రత్యామ్నాయాలు ఉంటాయి. మరి కొనే ఫైలు మీద 8640బీ స్థానంలో ఒకటి అని ఎట్ల రాస్తావు? పనికి ఒక వరస చొప్పున రాయాల.

ఈ వాదన మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. ల్యాబుల్లో కొనుగోలు పత్రాలు పరికరాల వారీగా నడుస్తాయి. చెడిపోయింది ఒకటి, దాని బదులు ఒకటి. కొలతలు అట్లా నడవవు. ఒక పరికరం పోతే దాన్ని నమ్ముకున్న పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసి, ఒక్కోదానికి ఏం కావాలో అడగాలి. కొన్నిటికి ఇంట్లో ఉన్న వస్తువే చాలు. కొన్నిటికి కొత్తది కావాలి. కొన్ని పరీక్షలు చేయించుకునేవాళ్లే ఇప్పుడు లేరని తేలి, ల్యాబు చేసే పరీక్షల జాబితా నుంచి తీసేయవచ్చు.

మేనేజర్: గాదంకి పేరు ఎత్తినాను కాబట్టి చెప్తాను. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలోనే ఉంది, మనకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. అక్కడి ఎమ్మెస్టీ రాడార్ 1990ల మొదట్లో పూర్తయింది. 1024 యాగీ ఆంటెన్నాలు, వాటిని నడిపేదానికి 32 ట్రాన్స్‌మిటర్లు. ఒక్కోటి ట్యూబులతో చేసింది. అన్నీ కలిపి పీక్ పవర్ 2.5 మెగావాట్లు. తర్వాత కాలం మారింది. వాళ్లు ట్యూబుకు ట్యూబు వెతుక్కుంటూ కూర్చోలేదు. ఆంటెన్నా ఒక్కోదానికి ఒక కిలోవాట్ సాలిడ్ స్టేట్ మాడ్యూల్ చొప్పున 1024 పెట్టినారు. పాతదాంట్లో ఒక ట్రాన్స్‌మిటర్ పడిపోతే 32 ఆంటెన్నాలు మూగబోయేవి. ఇప్పుడు ఒక మాడ్యూల్ పోతే 1024లో ఒకటి పోయినట్టు. ప్రత్యామ్నాయం అంటే అట్లా ఉండాలి సార్. పాతదాని బొమ్మ గీసుకోవడం కాదు.

పెద్దాయన: నువ్వు చెప్పిన దాంట్లోనే నా మాటా ఉండాది. పీక్ పవర్ తగ్గింది కదా, 2.5 మెగావాట్లు యాడ, 1024 కిలోవాట్లు యాడ? అంకెకు అంకె సరిపోవాలంటే ఆ పని ఎప్పటికీ జరిగేది కాదు. మాకు పై గాలులు కనపడాల, ఏ దిక్కుకైనా కిరణాన్ని తిప్పగలగాల, మాటిమాటికి ఆగిపోకూడదు అని అవసరం రాసుకొన్నారు. మాడ్యూల్ ఆంటెన్నా పక్కనే ఉంటే కేబుల్లో పోయే నష్టం కూడా తగ్గుతుంది. మార్చకుండా ఉంచిందేంది? 53 మెగాహెర్ట్జ్, ఆ స్థలం, ఆ 1024 ఆంటెన్నాల అమరిక. ముందు చిన్న పైలట్ రాడార్ కట్టి అనుభవం తెచ్చుకొన్నారు. వాతావరణంలో దశాబ్దాల లెక్కలు తెగిపోకూడదు కదా. రేపు కొత్త రాడార్ చూపించే తేడా గాలిలో వచ్చిందా, యంత్రంలో వచ్చిందా అని ఎవరైనా అడిగితే జవాబుండాల.

మేనేజర్: మన దగ్గర అట్లాంటి లెక్కలు ఏమున్నాయి సార్? స్కోపులు వస్తాయి, పోతాయి.

పెద్దాయన: ఉండాయమ్మా. మీ 10 వోల్టుల జీనర్ స్టాండర్డు ఉండాది కదా. ఏటేటా బయటికి పంపి కొలిపించిన సర్టిఫికెట్లు ఫైలులో వరసగా ఉండాయి. ఆ అంకెలు గ్రాఫు మీద పెడితే ఏడాదికి ఎంత జరుగుతా ఉండాదో గీత గీయొచ్చు. వచ్చే ఏడాది ఎక్కడ ఉంటుందో ముందే చెప్పొచ్చు. కొత్త జీనర్ ఎంత ఖరీదైనదైనా మొదటి ఏడాది దాని నడక ఎవరికీ తెలియదు. పాతది పోగానే ఆ గీత కూడా తెగిపోతుంది. అందుకే పాతది బతికుండగానే కొత్తది తెచ్చి రెండూ పక్కపక్కన కొన్నాళ్లు నడపాల.

మేనేజర్: ఎస్‌జీ 503 విషయంలో ఆ అవకాశం పోయింది. అది చచ్చిపోయినాక మనం మాట్లాడుకుంటా ఉన్నాం.

పెద్దాయన: పూర్తిగా పోలేదు. మీ సొంత స్కోపు ఒకటి ఉండాది. ఎస్‌జీ 503 బాగున్నప్పుడు దాని బ్యాండ్‌విడ్త్ కొలిచి రాసినారు. కొత్త ఏర్పాటుతో, అది నీ 5522ఏ కానీ నా మూడు పెట్టెలు కానీ, అదే స్కోపును మళ్లీ కొలువు. రెండు అంకెలూ రెండు అనిశ్చితుల లోపల కలిస్తే ఆ స్కోపే సాక్ష్యం చెప్పినట్టు.

మేనేజర్: స్కోపే ఈ మధ్యలో మారిపోయుంటే?

పెద్దాయన: అందుకే ఒక్క స్కోపు చాలదు. పోయినేడు మనం సర్టిఫికెట్ ఇచ్చిన కాలేజీల స్కోపులు ఈ ఏడు మళ్లీ వస్తాయి. అన్నీ ఒకే వైపు జరిగుంటే తప్పు మనది. తలా ఒక వైపు జరిగుంటే అవి వాటి వాటి డ్రిఫ్ట్‌లు.

మేనేజర్: ఇది బాగుంది. ఇది రాయొచ్చు, అసెసర్‌కు చూపించొచ్చు. కానీ సార్, ఒకటి గట్టిగా చెప్తాను. 34401ఏ స్థానంలో 34461ఏ తెచ్చినప్పుడు నాకు ఏ బాధా లేకపోయింది. 10 వోల్టుల రేంజిలో ఏడాది స్పెక్ రెండింటికీ 35 పీపీఎమ్ రీడింగే. పాత ప్రోగ్రామ్ పేరు అడిగితే 34401ఏ అని జవాబు చెప్పేటట్టు కొత్తదాన్ని సెట్ చేసుకోవచ్చు, ఆ సౌకర్యం తయారీదారే పెట్టినాడు. మీరు చెప్పే కష్టమంతా ప్రతి పరికరానికీ పడాల్సిన పని లేదు.

పెద్దాయన: పేరుకు జవాబు చెప్పింది సరే. ఆర్‌ఎస్-232 తీగతో నడిచే మీ రెండో బల్ల ఎందుకు ఆగింది?

మేనేజర్: కొత్తదానికి ఆ పోర్టు లేదు. యూఎస్‌బీ, లాన్ ఉన్నాయి, జీపీఐబీ ఆప్షన్‌గా వస్తుంది. ఆ బల్ల ప్రోగ్రామ్ తిరగరాయాల్సి వచ్చింది.

పెద్దాయన: అదే నేను చెప్పేది. వోల్టు సరిపోయినా తీగ సరిపోదు. ప్రతి దానికీ కష్టపడాలని అనడంలేదు, ప్రతి దానికీ అడగమంటా ఉండా. అడిగితే కొన్నిటికి ఒక్క పూటలో జవాబు దొరుకుతుంది.

విడిభాగాల సంగతి కూడా వచ్చింది, ఎక్కువ సేపు నిలవలేదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో కెపాసిటర్లు, కనెక్టర్లు ఇప్పటికీ దొరుకుతాయి. పాత కంపెనీ తన సొంత నంబరు వేసి చేయించుకున్న చిప్ మాత్రం అక్కడ దొరకదు. వాడిన పరికరాన్ని కొని దాన్నుంచి పీకాల్సిందే. ఇద్దరూ దీన్ని ఒప్పుకున్నారు. అసలు గొడవ 3458ఏ దగ్గర మళ్లీ రాజుకుంది. అది 1989లో హెచ్‌పీ విడుదల చేసిన ఎనిమిదిన్నర అంకెల మల్టీమీటర్. కంపెనీ పేరు 1999లో ఎజిలెంట్‌గా, 2014లో కీసైట్‌గా మారినా ఆ మోడల్ మారలేదు. ల్యాబులో ఉన్నది పాత కాలపుదే.

మేనేజర్: దీన్ని మార్చమని నేను అనను. దీనికి సాటి వచ్చేది కొనాలంటే 5522ఏ డబ్బు కూడా మిగలదు.

పెద్దాయన: అయితే దాని లోపలి మెమరీ చిప్‌ల సంగతి తెలుసా? కాలిబ్రేషన్ స్థిరాంకాలు అందులోనే ఉంటాయి. బ్యాటరీ చిప్ లోపలే పోతపోసి ఉండాది, మార్చేదానికి వీల్లేదు. దాని ఆయుష్షు తీరిన రోజు స్థిరాంకాలన్నీ చెరిగిపోతాయి. మీటర్ బాగానే ఉంటుంది, దానికి తానెవరో మాత్రం తెలియదు. ఆ చిప్‌లు తీసి కొత్తవి వేయాల.

మేనేజర్: వద్దు సార్. బోర్డు మీద టంకం తీసేటప్పుడు ఒక ట్రాక్ లేచిపోతే? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. అది నడుస్తా ఉంది. నడిచేదాన్ని విప్పనియ్యను.

పెద్దాయన: విప్పకుండానే మొదటి పని చేయొచ్చు. సీఏఎల్ ప్రశ్న ఆజ్ఞ పంపితే జీపీఐబీ మీద ఒక్కో స్థిరాంకాన్నీ అదే చెప్తుంది. అన్నీ చదివి దాచిపెట్టుకో.

మేనేజర్: దాచిపెట్టుకున్న అంకెలతో రేపు ఏం చేస్తాం? వాటిని తిరిగి ఎక్కించినా ట్రేసబిలిటీ అడిగితే మళ్లీ కొలిపించి చూపించాల్సిందే కదా.

పెద్దాయన: చూపించాల్సిందే. డీసీ, రెసిస్టెన్సు సర్దుబాటుకు దానికి కావాల్సింది 10 వోల్టులు, 10 కిలోఓమ్‌లు, ఒక షార్టు. అది చేయించుకోవచ్చు. కానీ పాత స్థిరాంకాలు చేతిలో ఉంటే సర్దుబాటుకు ముందు మీటర్ ఎంత జరిగిందో తెలుస్తుంది. లేకుంటే ఏడాదిలో మనం ఇచ్చిన సర్టిఫికెట్లకు ఎవరూ జవాబు చెప్పలేరు.

మేనేజర్: చదవడం వరకు ఒప్పుకుంటాను. చిప్‌లు మార్చడానికి ఒప్పుకోను, ఇప్పుడు కాదు. ముందు దానికి సమానంగా కొలిచే ఇంకో దారి చూపించండి, అప్పుడు విప్పుదాం.

పెద్దాయన: న్యాయమే. నా మూడు పెట్టెల సంగతి తేల్చు మరి.

మేనేజర్: తేలుస్తాను. 5522ఏ కొటేషన్ ఆపను. అది వచ్చేదాకా స్కోపుల పని మీ ఏర్పాటుతో నడుస్తుంది. షరతు ఒకటే. ప్రొసీజర్‌లో ఒక్క మోడల్ పేరూ ఉండకూడదు. 50 ఓమ్‌లలో ఇంత లెవెల్, ఇన్ని మెగాహెర్ట్జ్ దాకా ఇంత లోపల నిలకడ, కేబుల్ చివర కొలిచింది అని రాయాలి. మొన్న చేరిన పిల్లోడు ఆ కాగితం చూసి ఒక్కడే చేయాలి. మీరు గదిలో ఉండొచ్చు, నోరు తెరవకూడదు. అతనికి వచ్చిన అంకె, మీకు వచ్చిన అంకె కలిస్తే సంతకం పెడతాను.

పెద్దాయన: అతను అడాప్టర్ మరిచిపోయినా నేను చెప్పకూడదా?

మేనేజర్: చెప్పకూడదు. మరిచిపోతే మన కాగితంలో లోపం ఉన్నట్టు. దాన్ని దిద్ది మళ్లీ చేయిద్దాం.

పెద్దాయన: సరే, రాయి. దాంతోపాటు ఆ పరికరాల రిజిస్టర్ కూడా ఇట్లా తీసుకురా. తయారీ ఆగిపోయినవి ఏమేం ఉండాయో, ఒక్కోదాన్ని నమ్ముకొని ఏ పరీక్షలు నడుస్తా ఉండాయో పెన్సిల్‌తో గుర్తు పెడదాం. ఇంకా బతికున్నవాటితో మొదలుపెట్టు.